ఎండుటాకు లేని కంపోస్టు యార్డు: పెన్నా డెల్టా పట్టణంలో తడి చెత్త కేస్ స్టడీ

నెల్లూరు జిల్లాలో పెన్నా డెల్టా అంచున ఉన్న ఒక చిన్న మున్సిపాలిటీ. తడి చెత్తను ఎరువు చేయడానికి రేకుల షెడ్డు, సిమెంటు గచ్చు, ట్రామెల్ (గుండ్రంగా తిరిగే గొట్టం) జల్లెడ, ఆకు ముక్కలు చేసే ష్రెడ్డరు, పని తెలిసిన కార్మికులు అన్నీ ఉన్నాయి. వేసవిలో యార్డు పరవాలేదనిపిస్తుంది. అక్టోబరు రాగానే వాసన మొదలవుతుంది, ఊట నీరు గచ్చు దాటి రోడ్డెక్కుతుంది, పక్క కాలనీ నుంచి ఫిర్యాదులు వస్తాయి. నవంబరులో తుపాను పట్టిందంటే తడి చెత్త ట్రాక్టర్లు యార్డు గేటు దాకా కూడా రావు, నేరుగా డంపింగ్ యార్డుకు పోతాయి. జనవరిలో మళ్లీ మొదటి నుంచి మొదలు. ఏడాదికి మూడు నెలలు ఇలా పోతే, మిగతా తొమ్మిది నెలల కష్టంలో చాలా భాగం డంపు కిందికే చేరుతుంది.

ఇలాంటి చోట సాధారణంగా వెళ్లే ప్రతిపాదన పెద్ద షెడ్డు, ఇంకో మిషను. ఇక్కడ కుప్పలు తవ్వి చూస్తే కారణం వేరేగా కనపడింది. కుప్పలో కూరగాయ తొక్కు, అన్నం, అరటి దొప్ప, పూలదండలు తప్ప పొడి పదార్థం దాదాపు లేదు. అదే ఊళ్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో రాలిన వేప, కానుగ, రావి, బాదం ఆకులను వీధి చివర కుప్ప పోసి కాలుస్తున్నారు. చుట్టుపక్కల మిషన్ కోత అయిన చేలల్లో గడ్డికి నిప్పు పెడుతున్నారు. కుప్ప కుళ్లకుండా కాపాడే సరుకు కళ్లెదుటే బూడిదవుతుంటే, కుప్ప మాత్రం అది లేక కుళ్లుతోంది. ఈ రాతలో ఎక్కువ భాగం ఆ ఎండు సరుకు గురించే.

ఊరి జనాభాను బట్టి అంకెలు మారతాయి కాబట్టి లెక్కలన్నీ రోజుకు 1 టన్ను తడి చెత్తకు వేసి ఇస్తున్నాం. మీ ఊరి తూకంతో గుణించుకుంటే సరిపోతుంది.

తేమ లెక్క, నత్రజని లెక్క

మన వంటింటి చెత్తలో నూటికి 75 పాళ్లు నీరే. కుప్పలో తేమ 50 నుంచి 60 శాతం మధ్య ఉంటేనే గాలి ఆడుతుంది, వేడి పుడుతుంది. 65 దాటితే సందుల్లో గాలికి బదులు నీరు నిండుతుంది. అప్పుడు గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు పెరిగి వాసన పుట్టిస్తాయి. రెండో సంగతి కర్బనం, నత్రజని నిష్పత్తి. కుప్ప వేసేటప్పుడు అది 25 నుంచి 30 మధ్య ఉండాలి. కూర చెత్తలో 18 దగ్గర ఉంటుంది, ఎండుటాకులో 50 దగ్గర, వరిగడ్డిలో 70 నుంచి 80.

1,000 కిలోల తడి చెత్తలో 750 కిలోల నీరు, 250 కిలోల పొడి పదార్థం ఉన్నాయి. దానికి 15 శాతం తేమ ఉన్న ఎండుటాకు 400 కిలోలు కలిపితే మొత్తం 1,400 కిలోల్లో నీరు 810 కిలోలు, అంటే 58 శాతం. నిష్పత్తి 29కి వస్తుంది. రెండు లెక్కలూ ఒకేసారి కుదిరే చోటు ఇది. ఆకు బదులు వరిగడ్డి అయితే 250 కిలోలకే నిష్పత్తి 28కి వస్తుంది కానీ తేమ 63 దగ్గర నిలుస్తుంది. అందుకే గడ్డి ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, సగం ఆకు సగం గడ్డి మేలు. గడ్డిని జానెడులో మూడో వంతు ముక్కలుగా కొట్టాలి. పొడవుగా వేస్తే తిరగేసేటప్పుడు పారకు, జేసీబీ పళ్లకు చుట్టుకుని పని సాగదు.

ఈ ప్రాంతంలో ఉచితంగా దొరికేవి మరికొన్ని ఉన్నాయి. వాటిలో కొన్ని పనికొస్తాయి, కొన్ని చెరుపు చేస్తాయి. రైసు మిల్లుల ఊక నెల్లూరులో కావలసినంత. అయితే దాని నిండా సిలికా, అది ఏడాదైనా కుళ్లదు, ఎరువులో ఊకగానే తేలుతుంది. సందులు చేయడానికి పిడికెళ్ల లెక్కన వేయొచ్చు తప్ప కర్బనం కోసం వేయకూడదు. మిల్లు బాయిలరు బూడిదను అసలే వేయొద్దు. క్షార గుణం వల్ల నత్రజని అమోనియాగా ఎగిరిపోతుంది, ఘాటు వాసన అప్పుడే వస్తుంది. ప్రకాశం వైపు విస్తారంగా దొరికే సుబాబుల్ కొమ్మల ఆకు చూడటానికి ఆకే అయినా నత్రజని ఎక్కువ. దాన్ని తడి చెత్త కింద లెక్కేయాలి. జామాయిల్ ఆకు మైనం పూతతో ఆలస్యంగా కుళ్లుతుంది, మొత్తం ఆకులో నాలుగో వంతు మించనివ్వొద్దు. ఖాళీ కొబ్బరి బోండాలు వేసవిలో గుట్టలుగా వస్తాయి. ష్రెడ్డరులో రెండుసార్లు కొట్టిస్తే పీచు కుప్పకు మంచి గాలి సందులిస్తుంది. కొట్టకుండా వేస్తే ఆ డొక్కల్లో నీరు నిలిచి దోమలు పెరుగుతాయి.

ఆకును వేసవిలోనే దాచాలి

చిక్కంతా కాలం దగ్గరే ఉంది. ఆకు రాలేది శిశిరం చివర. వరిగడ్డి దొరికేది ప్రధాన పంట కోత అయ్యే మార్చి, ఏప్రిల్‌లో, మళ్లీ ఎడగారు (ప్రధాన పంట తర్వాత వేసే రెండో పంట) కోతల్లో. ఎండు సరుకు అవసరం ఎక్కువయ్యేది ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నెల్లూరుకు వాన ఎక్కువగా కురిసేది ఆ మూడు నెలల్లోనే. అప్పుడు వెతికితే రోడ్ల మీద దొరికేది నానిన ఆకు, అది ఎండు సరుకు కాదు.

92 రోజులకు ఎంత కావాలో చూద్దాం. రోజుకు 400 కిలోల్లో 100 కిలోలు జల్లెడ మీద మిగిలిన పెచ్చులతో సర్దుకోవచ్చు (వేసవిలో జల్లించినప్పుడు వచ్చిన పెచ్చుల్లో ప్లాస్టిక్ ఏరేసి దాచుకుంటే). మిగతా 300 కిలోల లెక్కన దాదాపు 28 టన్నుల ఆకు, గడ్డి నిల్వ ఉండాలి. వదులుగా ఉన్న ఆకు ఘనపు మీటరుకు 60 కిలోలే తూగుతుంది కాబట్టి దానికి 470 ఘనపు మీటర్ల చోటు పడుతుంది, అంత షెడ్డు ఏ ఊళ్లోనూ ఉండదు. ముక్కలు కొట్టి తొక్కి పెడితే ఘనపు మీటరుకు 150 కిలోలు వస్తుంది, 190 ఘనపు మీటర్లు సరిపోతుంది. రెండున్నర మీటర్ల ఎత్తు పేరిస్తే 75 చదరపు మీటర్ల నేల. ష్రెడ్డరు అసలు పని వేసవిలో ఇదే. చాలా యార్డుల్లో దాన్ని పచ్చి కొమ్మల కోసం వానాకాలంలో తిప్పుతారు, బ్లేడ్లు మొద్దుబారి పక్కన పడుతుంది.

ఆకు ఏరడంలో ఒక జాగ్రత్త ఉంది. చీపురుతో ఊడిస్తే ఆకుతో పాటు రోడ్డు దుమ్ము, ఇసుక వస్తాయి. దంతెతో లాగితే ఆకే వస్తుంది. దుమ్ము ఎక్కువైతే ఎరువులో మట్టి పాలు పెరిగి సేంద్రియ కర్బనం పడిపోతుంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు సిటీ కంపోస్టుకు (పట్టణ చెత్త ఎరువుకు) పెట్టిన కనీస హద్దు 12 శాతం కర్బనం. వాహనాల రద్దీ ఉన్న రోడ్ల దుమ్ములో సీసం వంటి లోహాలూ ఉంటాయి. అందుకే మెయిన్ రోడ్డు ఊడ్పు చెత్త, కాలువల పూడిక రెండూ కుప్ప దరిదాపుల్లోకి రాకూడదు. ఆకు కోసం కాలనీ వీధులు, పార్కులు, బడి ఆవరణలు, ఆఫీసు ప్రాంగణాలు చూడాలి.

కాల్చడం ఆపాలంటే పారిశుధ్య మేస్త్రికి ప్రత్యామ్నాయం చేతిలో పెట్టాలి. ఆకును ఎత్తే బండి రాకపోతే సాయంత్రానికి కుప్ప అంటుకుంటుంది, ఎవరినీ తప్పుపట్టలేం. ఆకు రాలే రెండు నెలలు ఒక ట్రాక్టరును వల ట్రక్కుతో దీనికే కేటాయిస్తే ఆ ఖర్చు వానాకాలంలో తిరిగి వస్తుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు వసూలు చేయమంది. ఆ మాట వార్డు సచివాలయం శానిటేషన్ సెక్రటరీ వీధిలో చెప్పగలగాలంటే ముందు మున్సిపాలిటీ ఊడ్పు కుప్పలే కాలకుండా ఉండాలి.

నిల్వ చోటు కుప్పల షెడ్డుకు దూరంగా, కరెంటు తీగలు లేని చోట, నేల నుంచి అడుగున్నర ఎత్తులో ఉండాలి. బీడీ నిప్పు చాలు, అంతా పోతుంది. నీళ్ల డ్రమ్ములు, ఇసుక పక్కనే ఉంచాలి.

కుప్ప వేయడం

గచ్చు మీద ముందు 15 సెంటీమీటర్ల మందాన ముక్కలు కొట్టని ముతక ఆకు, కొమ్మరెమ్మలు పరవాలి. ఊట నీటిని అదే పీల్చుకుంటుంది, అడుగు నుంచి గాలి కూడా అక్కడి నుంచే వస్తుంది. దాని మీద తడి చెత్త, ఎండు సరుకు కలిపి వేయాలి. పొరలు పొరలుగా వేసి వదిలేస్తే పొరలుగానే కుళ్లుతాయి. కలపడానికి ఆ రోజే తిరగేయాలి. పాత ఎరువు టన్నుకు 50 కిలోలు చల్లితే సూక్ష్మజీవులకు సరిపోతుంది. లేదంటే 20 కిలోల పచ్చి పేడ, పలచబడేంత నీళ్లతో. బయట అమ్మే కల్చరు డబ్బాలకు డబ్బు పెట్టాల్సిన పని మాకు కనిపించలేదు. ఎండు సరుకు లేని కుప్పను ఏ కల్చరూ బాగు చేయదు, ఉన్న కుప్పకు దాని అవసరం లేదు.

వరుస కుప్ప అడుగున 3 మీటర్ల వెడల్పు, ఎత్తు 1.5 మీటర్లు. ఒక వారం చెత్త (ఆకుతో కలిపి 10 టన్నుల లోపు) సుమారు 10 మీటర్ల పొడవు వస్తుంది. ఎత్తు 1.8 దాటితే సొంత బరువుకే అడుగు అణిగిపోతుంది, మీటరు కంటే తగ్గితే వేడి నిలవదు. కుప్పల నడుమ 2 మీటర్ల దారి. మూడో వారానికి కుప్ప సగానికి కుంగుతుంది, అప్పుడు రెండు వారాలవి ఒకటి చేసుకోవచ్చు. ఆకు నిల్వ, మాగబెట్టే చోటు, జల్లెడ చోటు కలిపి టన్నుకు 400 చదరపు మీటర్లు ఉంటే పని ఇరుకు లేకుండా సాగుతుంది.

మీటరు పొడవు కడ్డీ ఉన్న థర్మామీటరు ఒకటి కొనాలి, రోజూ అదే వేళకు మూడు చోట్ల గుచ్చి రాయాలి. మూడో రోజుకు 55 డిగ్రీలు దాటాలి. వరుస కుప్పల్లో 55 పైన 15 రోజులు నిలిచి, ఆలోపు అయిదుసార్లు తిరగేస్తే రోగకారక క్రిములు, కలుపు గింజలు చస్తాయి. కుప్ప బయటి పొర ఎప్పుడూ చల్లగానే ఉంటుంది కాబట్టి, తిరగేసినప్పుడు బయటిది లోపలికి పోవాలి. జేసీబీతో ఎత్తి అక్కడే పడేస్తే తిరగేసినట్టు కాదు, పక్క దారిలోకి మార్చాలి. 70 డిగ్రీలు దాటితే మేలు చేసే జీవులూ చస్తాయి, వెంటనే తిరగేయాలి.

వారం దాటకుండా తిరగేయడానికి ఈగలు మరో కారణం. మన ఎండల్లో ఈగ గుడ్డు నుంచి ఈగ కావడానికి వారం, పది రోజులు. ఆలోపు పురుగు కుప్ప వేడి గర్భంలోకి వెళ్తే చస్తుంది.

చేపలు, రొయ్యల తలలు ఈ ఊళ్లో తప్పవు. మొత్తంలో 5 శాతం లోపైతే కుప్ప నడుమ గుంట తీసి వేసి, పైన అడుగు మందాన పాత ఎరువు కప్పాలి. అంతకు మించితే వేరే దారి చూడాలి. కోళ్ల దుకాణాల వ్యర్థం మాత్రం ఈ యార్డుకు వద్దు, దానికి దుకాణాల నుంచే విడి బండి, విడి ఒప్పందం ఉండాలి.

ముక్కు, గుప్పిట చెప్పేవి

గుప్పెడు సరుకు గట్టిగా పిండితే వేళ్ల సందున రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువ, గుప్పిట విప్పగానే రాలిపోతే తక్కువ.

కుళ్లిన గుడ్డు వాసన అంటే గాలి లేదు. ఎండుటాకు కలిపి తిరగేయాలి, నీరు చల్లకూడదు. అమోనియా ఘాటు అంటే నత్రజని ఎక్కువ లేదా బూడిద చేరింది. గడ్డి కలపాలి. పులిసిన వాసన హోటళ్ల అన్నం, సాంబారు ఎక్కువైనప్పుడు మొదటి వారంలో వస్తుంది. ఆమ్లాలు పుట్టి వేడి 40 దగ్గర ఆగిపోతుంది. పాత ఎరువు, ఆకు కలిపి వరుసగా రెండు రోజులు తిరగేస్తే లేస్తుంది. వాసన పోవడానికి బ్లీచింగ్ చల్లడం చాలా చోట్ల అలవాటు. అది కుప్పను చంపుతుంది, దయచేసి ఆ పని చేయకండి.

రోహిణి కార్తెలో తలకిందులు. పైపొర ఎండి చిట్లుతుంది, లోపల తేమ 40 కంటే పడిపోయి పని ఆగుతుంది. బయటికి చల్లబడినట్టు కనపడితే ఎరువు అయిపోయిందనుకుంటారు, వాన పడగానే మళ్లీ వేడెక్కుతుంది. తిరగేసేటప్పుడే నీళ్లు పట్టాలి, పై నుంచి చల్లితే జారిపోతాయి.

ఆ నీళ్లు ఎలాంటివో చూడాలి. సముద్రం దగ్గరి మండలాల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఉప్పు కుప్పలో పోదు, పోగవుతుంది. హోటల్ చెత్తలోని ఉప్పు, పచ్చళ్లు తోడవుతాయి. సిటీ కంపోస్టు విద్యుత్ వాహకత (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) మీటరుకు 4 డెసీసీమెన్స్ మించకూడదని నిబంధన. ఆకు తగ్గించి హోటల్ చెత్త పెంచిన కుప్పలు ఈ ఒక్క పరీక్షలోనే తప్పుతుంటాయి.

వాన

తెరిచి ఉన్న 3 మీటర్లు, 10 మీటర్ల కుప్ప మీద ఒక్క రోజు 10 సెంటీమీటర్ల వాన పడితే 3,000 లీటర్ల నీరు. తుపాను రోజున ఇక్కడ అది వింత కాదు. 58 శాతం తేమతో మొదలైన కుప్ప అదంతా పీల్చుకుంటే 68కి చేరుతుంది. అంటే షెడ్డు కప్పు ఉన్నంత మాత్రాన చాలదు, ఏటవాలు జల్లు కొట్టకుండా చూరు మీటరు బయటికి రావాలి, పక్కలకు దించే పట్టాలు ఉండాలి, గచ్చు బయటి నేల కంటే అడుగున్నర ఎత్తుండాలి. గచ్చుకు నూటికి ఒకటి, రెండు వాలు పెట్టి ఊట నీటిని తొట్టిలోకి దించాలి. కప్పు మీది వాన నీరు వేరే కాలువలో పోవాలి. ఈ రెండూ కలిస్తే తొట్టి ఒక్క పూటలో పొంగుతుంది. ఊట నీటిని మొదటి రెండు వారాల కుప్పల మీదే చల్లాలి. మాగిన ఎరువు మీద చల్లితే చంపిన క్రిముల్ని మళ్లీ తెచ్చి పెట్టినట్టే.

వానాకాలంలో జల్లెడ పట్టకూడదు. తేమ 30 దాటితే ట్రామెల్ కన్నాలు మూసుకుపోతాయి, సన్న ఎరువంతా పెచ్చులతో కలిసి రిజెక్టుకు (డంపుకు పోయే మిగులుకు) పోతుంది. మాగిన కుప్పలను పట్టాలు కప్పి ఉంచి జనవరి ఎండకు ఆరబెట్టి జల్లించాలి.

ఇంటి గుమ్మం దగ్గర

2016 ఘన వ్యర్థాల నియమాలు తడి, పొడి, ప్రమాదకర గృహ వ్యర్థాలు మూడు వేరుగా ఇవ్వమన్నాయి. వేరు చేయమని చెప్పడం ఎంత ముఖ్యమో, వేరు చేసి ఇచ్చినదాన్ని బండిలో కలపకపోవడం అంతకంటే ముఖ్యం. ఒక్కసారి గృహిణి కళ్లముందు రెండు డబ్బాలు ఒకే బండిలో పడితే ఆ వీధి మళ్లీ వేరు చేయదు. బండిలో అడ్డు పలక ఎత్తుగా, కదలకుండా ఉండాలి. ప్యాడ్లు, డయపర్లకు విడిగా చిన్న పెట్టె వేలాడదీయాలి.

వారానికోసారి ఒక్కో బండి నుంచి 100 కిలోలు పట్టా మీద పోసి ఏరి తూచాలి. తడి చెత్తలో వేరే సరుకు 10 శాతం లోపుంటే కుప్పకు పంపొచ్చు. 20 దాటిన వీధుల చెత్తతో చేసిన ఎరువును ఎంత జల్లించినా గాజు, రేపరు ముక్కలు పోవు. ఆ ఫలితం ఆ వీధి కార్మికుడికి, సెక్రటరీకి అదే రోజు తెలియాలి.

రోజుకు 100 కిలోలు మించి చెత్త వచ్చే కల్యాణ మండపాలు, హాస్టళ్లు, హోటళ్లు ఆ 2016 నియమాల ప్రకారం బల్క్ జనరేటర్లుగా (ఎక్కువ చెత్త పుట్టించేవారిగా) లెక్కకు వచ్చేవి. ముహూర్తాల రోజున అరటాకులు, పూలదండలు ఒక్కసారిగా వస్తాయి. దండల్లోని నైలాన్ దారం ట్రామెల్ ఇరుసుకు చుట్టుకుని మోటారు కాలుతుంది. దండలు యార్డుకు వచ్చాక కత్తిరించడం కంటే మండపం దగ్గరే నూలు దారం అడగడం తేలిక.

రైతు చేతికి

మాగిందనుకున్న ఎరువును పాలిథిన్ సంచిలో తడిపి మూడు రోజులు నీడలో మూసి పెట్టి విప్పితే మట్టి వాసనే రావాలి. దుర్వాసన వస్తే ఇంకా మాగాలి. ఆ ఎరువు, మట్టి సగం సగం కలిపి పెసలు చల్లి, ఉత్త మట్టిలో చల్లినవాటితో పోల్చాలి. పచ్చి ఎరువు వేర్లను కాలుస్తుంది. జల్లెడ చివరి కన్నం 4 మిల్లీమీటర్లు, 90 శాతం దాని గుండా దిగాలి. తేమ 15 నుంచి 25 శాతం, నత్రజని కనీసం 0.8 శాతం, భాస్వరం, పొటాష్ కనీసం 0.4 శాతం చొప్పున, కర్బన నత్రజని నిష్పత్తి 20 లోపు ఉండాలి. పరీక్షలో తప్పిన ఎరువును తిండి పంటలకు వేయకూడదు, పార్కులకు, డివైడర్ల మొక్కలకు వాడుకోవచ్చు.

టన్ను తడి చెత్తకు 300 కిలోలకు అటూ ఇటూగా జల్లించిన ఎరువు వస్తుంది. పొదలకూరు వైపు నిమ్మ తోటలు దీనికి సహజమైన కొనుగోలుదారులు. చెట్టు పాదులో చేత్తో కలిపే రైతుకు ఒక్క గాజు పెంకు గుచ్చుకుంటే మళ్లీ రాడు, పక్క రైతునూ రానివ్వడు. అందుకే మొదటి లోడు అమ్మేముందు సంచి విప్పి రైతు చేతనే తడిమించాలి.

పొడి చెత్త, రిజెక్టు తూకం

పొడి చెత్తలో సీసాలు, పాల కవర్లు, అట్టలు, ఇనుము పాత సామాన్ల వ్యాపారికి పోతాయి. ఆ డబ్బు ఏరిన కార్మికులకే అందితే ఏరుడు నిఖార్సుగా ఉంటుంది. చిప్స్ కవర్ల వంటి పలు పొరల ప్లాస్టిక్‌ను కొనేవారు ఉండరు. దాన్ని దుమ్ము దులిపి బేళ్లు కట్టి కడప, పల్నాడు వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు ఇంధనంగా పంపాలి. కిలోకు 1,500 కిలో కేలరీలు దాటిన సరుకును ల్యాండ్‌ఫిల్‌కు పంపకూడదని 2016 నియమాలే చెప్పాయి. తడిసిన బేలును ఫ్యాక్టరీ తిప్పి పంపుతుంది, కాబట్టి దీనికీ కప్పు కావాలి.

డంపింగ్ యార్డుకు పోయే చెత్త తగ్గిందా లేదా అన్నది ట్రిప్పులు లెక్కపెడితే తేలదు. సగం నిండిన ట్రాక్టరూ ఒక ట్రిప్పే. యార్డు గేటు దగ్గర కాటా పెట్టి, లోపలికి వచ్చిన తూకం, అమ్మిన పొడి సరుకు, బయటికి వెళ్లిన ఎరువు, డంపుకు పోయిన రిజెక్టు నాలుగూ రోజూ రాయాలి. పక్కన అయిదో గడి ఆకు నిల్వది: ఉదయం ఎన్ని ఘనపు మీటర్లు ఉంది, ఎంత వాడారు. అక్టోబరు 1 నాటికి ఆ గడి (రోజుకు టన్ను తడి చెత్త లెక్కన) 190 ఘనపు మీటర్లకు చేరేలా లేకపోతే కమిషనర్ బల్ల మీదికి ఆ కాగితం ఆగస్టులోనే వెళ్లాలి. ఎడగారు గడ్డి చుట్టలు కొనడానికి అప్పటికింకా వ్యవధి ఉంటుంది.